ఎప్పుడో చెప్పలేరని ఎక్కడో చూడొద్దంటారా?

భూకంపం వచ్చిన ప్రతిసారీ వారం తిరక్కుండా ఒక మాట పైకొస్తుంది. టీవీ చర్చల్లో వస్తుంది, సంపాదకీయాల్లో వస్తుంది, బాగా చదువుకున్నవాళ్ల కబుర్లలోనూ వస్తుంది. ఎప్పుడు వస్తుందో చెప్పలేని శాస్త్రానికి ఇన్ని పరికరాలెందుకు, ఇంత ఖర్చెందుకు అని. భ్రంశాల కింద, అంటే రాళ్లు జారే పగుళ్ల కింద, ముప్ఫై నలభై కిలోమీటర్ల లోతున భూపటలం ఎలా ఉంది, దాని అడుగున మాంటిల్ ఎలా ఉంది అని తరంగాలతో వెతకడం శాస్త్రవేత్తల ఆసక్తికే గాని జనానికి పైసా ఉపయోగం లేదని.

ఈ వాదనను పలచన చేసి కొట్టిపారేయడం న్యాయం కాదు. దాని బలమైన రూపం ఇది. ఒకటి, వందేళ్లకు పైగా పరిశోధించినా ఫలానా రోజున ఫలానా చోట భూకంపం వస్తుందని ఎవరూ నమ్మదగ్గ రీతిలో చెప్పలేకపోయారు. రెండు, భూమి లోపలికి ఎవరూ వెళ్లలేదు, తరంగాల నుంచి గీసే బొమ్మలు ఊహలే. మూడు, భ్రంశం నేల మీదే కనపడుతుంది, దాని కదలికను జీపీఎస్ కొలుస్తుంది, అంతకంటే లోతు అనవసరం. నాలుగు, మనుషుల్ని చంపేది భూకంపం కాదు, కూలే ఇల్లు. కాబట్టి ఆ డబ్బేదో ఇళ్లను గట్టిపరచడానికి పెట్టాలి. అయిదు, దక్షిణాదివాళ్లకు ఈ గొడవే అక్కర్లేదు, మన కింద ఉన్నది గట్టి రాయి.

ఇందులో మొదటి మాట నిజం. నాలుగో మాటలో సగం నిజం. మిగిలినవి తప్పు. నిజమైన మాటల నుంచి లాగిన ముగింపు అంతకంటే పెద్ద తప్పు, ప్రాణాల మీదికి తెచ్చే తప్పు.

1. తేదీ తెలియకపోతే ఏమీ తెలియనట్టేనా?

తేదీ చెప్పే ప్రయత్నం ఘనంగా విఫలమైన చోటు అందరూ ఉదహరించేదే. కాలిఫోర్నియాలో శాన్ ఆండ్రియాస్ భ్రంశం మీద పార్క్‌ఫీల్డ్ అనే చిన్న ఊరుంది. అక్కడ 1857, 1881, 1901, 1922, 1934, 1966 సంవత్సరాల్లో ఇంచుమించు ఒకే పరిమాణంలో భూకంపాలు వచ్చాయి. ఆ వరస చూసి అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు తర్వాతిది 1993 లోపు వస్తుందని 1985లో ప్రకటించారు. ఊరి చుట్టూ పరికరాలు పాతి కూర్చున్నారు. 1993 దాటిపోయింది. భూకంపం వచ్చింది 2004 సెప్టెంబరు 28న.

ఈ ఉదాహరణ చెప్పేవాళ్లు సగంలో ఆపేస్తారు. 2004లో వచ్చిన భూకంపం అనుకున్న భ్రంశ ఖండం మీదే వచ్చింది. అనుకున్న పరిమాణంలోనే, అంటే 6 దగ్గరే వచ్చింది. ఎక్కడ అన్నది సరిపోయింది, ఎంత అన్నది సరిపోయింది, ఎప్పుడు అన్నది పదకొండేళ్లు తప్పింది. మూడింటిలో ఒకటి తప్పితే మూడూ తప్పినట్టు తీర్పు చెప్పడం ఏ తర్కం?

ఆ తప్పిన ఒక్కటి నిర్మాణ ఇంజనీరుకు అవసరం లేనిది. వంతెన కట్టేవాడు తేదీ అడగడు. వంతెన యాభై, వందేళ్లు నిలబడాలి. ఆ కాలంలో ఎప్పుడొచ్చినా తట్టుకోవాలి. అతను అడిగేవి వేరే ప్రశ్నలు. దగ్గర్లో భ్రంశం ఉందా? అది ఒక్కసారిగా జారితే ఎంత పెద్ద భూకంపం పుడుతుంది? ఆ కంపం ఈ నేల దాకా వచ్చేసరికి ఎంత పెరుగుతుంది, ఎంత తగ్గుతుంది? మూడింటికీ జవాబు నేల కిందే ఉంది. అక్కడి నుంచి దాన్ని పైకి తెచ్చేవి తరంగాలే.

ముందస్తు హెచ్చరిక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జోస్యం వేరు, హెచ్చరిక వేరు. భూకంపం మొదలయ్యాక ముందు పి తరంగం బయల్దేరుతుంది, పటలంలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్ల వేగంతో. భవనాలను ఊపేసే ఎస్ తరంగం సుమారు మూడున్నర కిలోమీటర్ల వేగంతో వెనక వస్తుంది. కేంద్రానికి 250 కిలోమీటర్ల దూరంలో ఉన్న నగరానికి ఈ రెండింటి మధ్య అరనిమిషం దొరుకుతుంది. మెట్రో ఆపడానికి, గ్యాస్ మూయడానికి, శస్త్రచికిత్స చేస్తున్న వైద్యుడు కత్తి పక్కన పెట్టడానికి ఆ అరనిమిషం చాలు. జపాన్ 2007 నుంచి దేశమంతటికీ ఇది నడుపుతోంది. అయితే భూకంపం ఎక్కడ పుట్టిందో రెండు మూడు సెకన్లలో లెక్కకట్టాలంటే ఆ ప్రాంతపు పటలంలో ఏ లోతున తరంగం ఎంత వేగంతో పోతుందో ముందే తెలిసి ఉండాలి. లోతు అనవసరం అనేవాళ్లు ఆ అరనిమిషాన్ని కూడా వద్దంటున్నారు.

2. భ్రంశం నేల మీదే కనపడుతుందా? భుజ్‌ను అడగండి

2001 జనవరి 26, ఉదయం 8 గంటల 46 నిమిషాలు. బడి పిల్లలు గణతంత్ర దినోత్సవ ఊరేగింపుల్లో ఉన్నారు. గుజరాత్‌లోని కచ్‌లో 7.7 పరిమాణంలో భూకంపం వచ్చింది. భుజ్, భచావ్, అంజార్, రాపర్ ఊళ్లు నేలమట్టమయ్యాయి. వేల ప్రాణాలు పోయాయి.

భూగర్భ శాస్త్రవేత్తలు దేశదేశాల నుంచి వెళ్లి నేల మీద భ్రంశపు చీలిక కోసం వెతికారు. ఆ పరిమాణం భూకంపానికి నేల మీద పదుల కిలోమీటర్ల పొడవున, మీటర్ల ఎత్తున పగులు కనపడాలని పాఠ్యపుస్తకం చెబుతుంది. కనపడలేదు. నీళ్లు, ఇసుక చిమ్మిన గుంటలు కనపడ్డాయి, మెత్తటి నేల పక్కకు జారిన బీటలు కనపడ్డాయి, అక్కడక్కడా చిన్న చీలికలు కనపడ్డాయి. అంత శక్తిని విడుదల చేసిన అసలు పగులు మాత్రం పైకి రాలేదు. అది లోపలే పుట్టి లోపలే ఆగిపోయింది.

దాన్ని పట్టి చూపించింది తరంగాలే. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్జీఆర్ఐ, అమెరికా, జపాన్ బృందాలు అక్కడ సీస్మోమీటర్లు పెట్టి నెలల తరబడి అనుకంపాలను నమోదు చేశాయి. ఒక్కో అనుకంపం పుట్టిన చోటును లెక్కకట్టి బొమ్మ మీద చుక్క పెడుతూ పోతే, ఆ చుక్కలన్నీ కలిసి దక్షిణానికి సుమారు 50 డిగ్రీలు వాలిన ఒక పలకగా తేలాయి. చాలా చుక్కలు 10 నుంచి 35 కిలోమీటర్ల లోతు మధ్య పడ్డాయి. పొడవు చూస్తే సుమారు 40 కిలోమీటర్లే.

ఈ చివరి అంకె దగ్గర కాస్త ఆగాలి. ప్రపంచంలో జరిగిన భూకంపాలను సగటు తీసి, భ్రంశం పొడవు నుంచి పరిమాణం అంచనా వేసే సూత్రాలున్నాయి. 40 కిలోమీటర్ల పొడవును వాటిలో వేస్తే వచ్చే జవాబు 7కు అటూ ఇటూ. నిజంగా వచ్చింది 7.7. ఆ 0.7 తేడా చూడటానికి చిన్నదే గాని శక్తి లెక్కలో సుమారు 11 రెట్లు. పొడవు ఒక్కటే చాలనుకున్నవాడు ప్రమాదాన్ని పదకొండో వంతుకు కుదించి చూస్తాడు. పొడవు తక్కువైనా ఇంత పెద్దది ఎలా పుట్టింది? లోతు ఎక్కువ, జారుడు ఎక్కువ. మామూలుగా పటలంలో పదిహేను, ఇరవై కిలోమీటర్లు దాటితే వేడికి రాయి మెత్తబడి, పగలడం మాని సాగుతుంది. కచ్ కింద అంతకంటే చాలా లోతున కూడా రాయి పెళుసుగా, పగిలే గుణంతో ఉంది.

ఎందుకు అన్న ప్రశ్నకు ఎన్జీఆర్ఐ శాస్త్రవేత్తలు తరంగాల వేగాల నుంచి తీసిన చిత్రం జవాబు వైపు దారి చూపింది. భ్రంశం కింద మధ్య, దిగువ పటలంలో తరంగాలు వేగంగా పోయే దట్టమైన శిల ఉంది. పటలానికీ మాంటిల్‌కూ సరిహద్దయిన మోహో ఆ ప్రాంతంలో కొన్ని కిలోమీటర్లు పైకి ఉబ్బి ఉంది. భూకంపం మొదలైన చోట రాళ్ల సందుల్లో ద్రవాలున్న సూచనలు దొరికాయి. కోట్ల ఏళ్ల కిందట ఆ నేల చీలి సాగినప్పుడు, ఆపైన దక్కన్ లావాలు పొంగినప్పుడు మాంటిల్ నుంచి వచ్చి చొరబడిన శిల ఈనాటి భూకంపానికి బలమైన ఆధారమైందన్నది ఆ పరిశోధనల సారం. ద్రవాల పాత్ర ఎంత, శిల పాత్ర ఎంత అన్న దాని మీద వాళ్లలో వాళ్లకు వాదన ఉంది. ఉండనివ్వండి. నేల మీద నిలబడి చూసినవాళ్లకు ఆ వాదన మొదలుపెట్టడానికి కూడా ఏమీ దొరకలేదు.

3. ఊహలంటున్నారు, ఏ ఊహలు?

తరంగాల నుంచి గీసిన చిత్రం ఊహ అనేవాళ్లు దాన్ని ఎలా గీస్తారో చూడాలి.

1897లో అస్సాంలో మహా భూకంపం వచ్చినప్పుడు భారత భూగర్భ సర్వేలో పనిచేస్తున్న రిచర్డ్ ఓల్డ్‌హామ్ దాన్ని పరిశోధించాడు. దూర దేశాల్లో నమోదైన గీతల్లో మూడు రకాల తరంగాలు విడివిడిగా వస్తున్నాయని గుర్తించాడు. 1906కల్లా అలాంటి గీతల నుంచే భూమికి వేరే పదార్థంతో చేసిన కేంద్రం ఉందని చూపించాడు. భూమికి గుండె ఉందని ప్రపంచానికి తెలియడంలో మన దేశపు భూకంపం పాత్ర ఉంది. మూడేళ్ల తర్వాత, 1909 అక్టోబరు 8న క్రొయేషియాలో జాగ్రెబ్ దగ్గర భూకంపం వచ్చింది. ఆండ్రియా మొహొరోవిచిచ్ గీతలు పరిశీలిస్తే ఒక పి తరంగం రావలసిన చోట రెండు వచ్చాయి. ఒకటి పటలంలో నేరుగా వచ్చింది. రెండోది లోతుకు దిగి, అక్కడ వేగం హఠాత్తుగా పెరిగిన పొర వెంట పరుగెత్తి, దూరపు స్టేషన్లకు ముందుగా చేరింది. ఆ పొర మొదలయ్యే సరిహద్దే మోహో. దాన్ని ఈ రోజు ప్రపంచంలో ఏ మూలన ఎవరు కొలిచినా దొరుకుతుంది. ఊహకు ఆ గుణం ఉండదు.

ఇప్పుడు వాడే పద్ధతి ఇంకా సూటిగా ఉంటుంది. వేల కిలోమీటర్ల దూరంలో పుట్టిన పి తరంగం కింద నుంచి మోహోను దాటేటప్పుడు కొంత భాగం ఎస్‌గా మారుతుంది. ఎస్ నెమ్మది కాబట్టి వెనకబడుతుంది. పైన ఉన్న సీస్మోమీటరులో రెండింటి మధ్య ఎంత ఎడం ఉందో కొలిస్తే పటలం మందం వస్తుంది. 35 కిలోమీటర్ల పటలానికి ఆ ఎడం నాలుగు సెకన్ల పైచిలుకు. టిబెట్ దక్షిణ అంచున పటలం 70 కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి దాదాపు రెట్టింపు. ఇవి గడియారంతో కొలిచే సంగతులు.

గోదావరి జిల్లాలకు తరంగాలతో నేల కింద వెతకడం కొత్త కాదు. కోనసీమ కొబ్బరి తోటల్లో బోరు గుంటల్లో చిన్న పేలుడు చేసి, పొలం గట్ల వెంట వైర్లు పరిచి, కింద నుంచి తిరిగొచ్చే తరంగాలను నమోదు చేసే బృందాలు దశాబ్దాలుగా తిరుగుతున్నాయి. ఆ గీతలు చూసే ఓఎన్జీసీ బావి ఎక్కడ తవ్వాలో తేల్చుకుంటుంది. సముద్రంలో ఒక్క బావికి వందల కోట్లు ఖర్చవుతుంది. చమురు దొరికే చోటు చెప్పినప్పుడు నమ్మే తరంగాలను, భూకంపం పుట్టే చోటు చెప్పినప్పుడు ఊహలనడం ఎలా కుదురుతుంది? లాస్ ఏంజిలిస్ నగరం కింద ప్యూంటే హిల్స్ అనే భ్రంశం దాగి ఉందని 1999లో తేలింది. నేల మీద దాని ఆనవాలు లేదు. చమురు కంపెనీల పాత సర్వే గీతల్లోనూ, 1987 నాటి విట్టియర్ నారోస్ భూకంపపు గీతల్లోనూ దొరికింది.

తవ్వి చూస్తే తరంగాలు చెప్పింది నిజమైందా అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. శాన్ ఆండ్రియాస్ మీద పార్క్‌ఫీల్డ్ దగ్గరే 2004 నుంచి 2007 వరకు భ్రంశం గుండా బావి తవ్వారు. ఏ లోతున, ఏ దిశలో భ్రంశం తగలాలో చిన్న చిన్న కంపనాల తరంగాలే నిర్ణయించాయి. సుమారు 2.7 కిలోమీటర్ల లోతున తగిలింది. సుమారు 200 మీటర్ల వెడల్పున రాయి నలిగిపోయి ఉంది, దాని లోపల రెండు సన్నటి పట్టీలు ఇప్పటికీ జారుతూ బావి ఉక్కు గొట్టాన్ని వంచాయి. జర్మనీలో 9,101 మీటర్లు తవ్విన కేటీబీ బావిలో, తరంగాలు గట్టిగా ప్రతిఫలించిన లోతున నిజంగానే పెద్ద భ్రంశం తగిలింది.

రష్యాలోని కోలా బావి ఇంకో కథ. 12,262 మీటర్లు తవ్విన ఆ బావిలో, సుమారు ఏడు కిలోమీటర్ల దగ్గర తరంగ వేగం మారిన చోట గ్రానైటు పోయి బసాల్టు వస్తుందని అనుకున్నారు. రాలేదు. పగుళ్లు పడి, నీళ్లు నిండిన రూపాంతర శిల వచ్చింది. నన్ను ఎదిరించేవాళ్లకు దొరికే అన్నిటికంటే మంచి ఆధారం ఇదే, అందుకే నేనే చెబుతున్నాను. వేగం మారిందన్న కొలత తప్పలేదు. ఆ మార్పుకు బసాల్టు కారణం అన్న వ్యాఖ్యానం తప్పింది. దాంతో పద్ధతి మారింది. ఇప్పుడు పి వేగం ఒక్కదానితో ఎవరూ సరిపెట్టుకోరు. ఎస్ వేగం చూస్తారు, రెండింటి నిష్పత్తి చూస్తారు. నీళ్లు నిండిన పగుళ్లలో ఎస్ ఎక్కువ నెమ్మదిస్తుంది కాబట్టి నిష్పత్తి పెరిగితే ద్రవం ఉందని పట్టుకుంటారు. విద్యుత్ వాహకత, గురుత్వం కొలతలతో కూడా పోల్చి సరిచూస్తారు. తప్పు దొరికితే దిద్దుకునే పద్ధతిని తప్పు చేసిందన్న కారణంతో పారేస్తే మిగిలేది చీకటి.

4. మాంటిల్ దాకా ఎందుకు?

ఎందుకంటే భ్రంశం పైన పగిలినా దాన్ని తోసేది కింద నుంచే.

1997 మే 22న జబల్‌పూర్‌లో 5.8 పరిమాణంలో భూకంపం వచ్చింది. పుట్టింది సుమారు 35 కిలోమీటర్ల లోతున, పటలం అడుగున. నర్మద-సోన్ లోయ మీదుగా అంతకు పూర్వమే ఎన్జీఆర్ఐ లోతైన తరంగ సర్వే రేఖలు గీసి ఉంది. అక్కడి భ్రంశాలు పైపై గీతలు కావని, పటలం లోతుల్లోకి దిగుతున్నాయని ఆ రేఖలు అప్పటికే సూచించాయి. పైనున్న రాళ్లు మాత్రమే చూసేవాళ్లకు జబల్‌పూర్ అర్థం కాదు.

శాన్ ఆండ్రియాస్ కింద 2005లో బయటపడ్డ సంగతి ఇంకా ముఖ్యం. పార్క్‌ఫీల్డ్, షొలామ్ ప్రాంతంలో భూకంపాలు పుట్టే పొర సుమారు 15 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. దాని కింద 20 నుంచి 40 కిలోమీటర్ల లోతున, పటలం అడుగునా మాంటిల్ పైభాగంలోనూ, సన్నగా నిమిషాల తరబడి సాగే వణుకు నమోదైంది. 2004 పార్క్‌ఫీల్డ్ భూకంపం తర్వాత ఆ వణుకు పెరిగింది. చంద్రుడు, సూర్యుడు భూమి మీద కలిగించే ఆటుపోట్ల లాంటి స్వల్ప ఒత్తిడికి కూడా అది స్పందిస్తుందని 2009లో తేలింది. అంటే లోతున భ్రంశం చాలా బలహీనంగా, జారడానికి సిద్ధంగా ఉంది, ఆ జారుడు పైన బిగుసుకున్న ఖండాన్ని తోస్తోంది. ఆ ఖండం నుంచే 1857లో 7.9 పరిమాణపు ఫోర్ట్ తెజోన్ భూకంపం మొదలైంది. కింద భారం ఎలా పెరుగుతోందో చూడగలిగే అరుదైన కిటికీ అది. అది దొరికింది చిన్న చిన్న కంపనాలను వినాలని భ్రంశం దగ్గర సున్నితమైన పరికరాలు పాతినందువల్ల.

హిమాలయం కింద సంగతి మనకు మరీ దగ్గరిది. భారత ఫలకం టిబెట్ కిందికి దూరే ఏటవాలు పలక ఎక్కడ సమతలంగా ఉంది, ఎక్కడ మెట్టులా దిగుతోంది అన్నది 2002 నుంచి 2005 దాకా నేపాల్, టిబెట్ మీదుగా పెట్టిన హై-క్లైంబ్ స్టేషన్ల వరస స్పష్టంగా చూపించింది. 2015 ఏప్రిల్ 25 నాటి గోర్ఖా భూకంపం, 7.8 పరిమాణంలో, ఆ పలక మీదే జారింది. సుమారు తొమ్మిది వేల మంది చనిపోయారు. ఆ పగులు కూడా నేల పైకి రాలేదు. దక్షిణం వైపు, గంగా మైదానం వైపు ఉన్న భాగం పగలకుండా మిగిలి ఉంది. బీహార్, ఉత్తరప్రదేశ్‌లలో కోట్ల మంది దానికి దగ్గరగా బతుకుతున్నారు. ఆ మిగిలిన భాగం ఎంత వెడల్పు, ఎంత వాలు అన్నది తేల్చడంలో తరంగాలది ముఖ్యమైన పాత్ర.

5. జీపీఎస్ చాలదా?

చాలదు. చైనాలో లాంగ్‌మెన్‌షాన్ కొండల దగ్గర జీపీఎస్ ఏటా మూడు మిల్లీమీటర్ల లోపే కుదింపు చూపించింది. నెమ్మది భ్రంశం అన్న భరోసా ఏర్పడింది. 2008 మే 12న అక్కడ 7.9 పరిమాణపు వెన్‌చువాన్ భూకంపం వచ్చింది. చనిపోయినవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిపి సుమారు 87 వేలు. భ్రంశానికి ఒక పక్క టిబెట్ మందపాటి పటలం, ఇంకో పక్క సిచువాన్ పల్లం కింద పాతకాలపు దిట్టమైన శిల. రెండింటి మధ్య పటలం మందంలో పెద్ద మెట్టు. ఆ మెట్టు స్పష్టంగా కనపడేది తరంగాలకే. జీపీఎస్ ఏటా ఎంత జమ అవుతోందో చెబుతుంది, జమ అయ్యే గిడ్డంగి ఎంత పెద్దదో చెప్పదు.

6. ఆ డబ్బుతో ఇళ్లు గట్టిపరచండి అంటే

ఈ మాటలో మానవత్వం ఉంది కాబట్టి దీన్ని జాగ్రత్తగా విప్పాలి.

కచ్ 2001కు ముందే దేశపు భూకంప పటంలో అత్యంత ప్రమాదకరమైన అయిదో జోన్‌లో ఉంది. 1819లో, 1956లో వచ్చిన పెద్ద భూకంపాలు దాన్ని అక్కడ నిలబెట్టాయి. పటం సరైనదే. ఇళ్లే కూలాయి. 250 కిలోమీటర్ల దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో ఏడు వందల మందికి పైగా చనిపోయారు. కార్ల పార్కింగ్ కోసం కింది అంతస్తు గోడలు లేకుండా వట్టి స్తంభాల మీద నిలబెట్టిన అపార్ట్‌మెంట్లు కూలాయి. అక్కడ దోషం కట్టినవాళ్లది, అనుమతిచ్చినవాళ్లది. ఇది ఒప్పుకుంటాను.

లాతూర్ ఏం చెబుతుంది మరి? 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూర్ జిల్లా కిల్లారి ఊరు సమాధైన రోజు, ఆ ప్రాంతం పటంలో అన్నిటికంటే సురక్షితమైన ఒకటో జోన్‌లో ఉంది. భూకంపం పరిమాణం 6.2. దాదాపు పదివేల మంది చనిపోయారు. దక్కన్ లావా పొర మూడు వందల మీటర్లకు పైగా కప్పేసి ఉండగా, దాని కింది పాత శిలలో భ్రంశం ఉందని పైనుంచి ఎవరికీ కనపడలేదు. కిల్లారిలో ఎవరైనా నియమం ప్రకారం ఇల్లు కట్టుకోవాలనుకున్నా నియమమే వాళ్లకు భయం లేదని చెప్పింది. విషాదం జరిగాక ఒకటో జోన్‌ను ఎత్తేశారు, లాతూర్‌ను మూడో జోన్‌లో చేర్చారు. పటాన్ని శవాలు దిద్దాయి.

ఇల్లు గట్టిగా కట్టండి అనడం తేలికే. ఎంత గట్టిగా? భూకంపాలను తట్టుకునే కట్టడాల నియమావళి ఐఎస్ 1893, 2016 నాటి రూపంలో, రెండో జోన్‌కు 0.10, మూడో జోన్‌కు 0.16, నాలుగుకు 0.24, అయిదుకు 0.36 అని గుణకం ఇచ్చింది. ఇంజనీరు స్తంభంలో ఎంత ఇనుము వేయాలో ఆ అంకె నుంచే లెక్క మొదలవుతుంది. ఆ అంకె ఎక్కడి నుంచి రావాలి? పాత భూకంపాల జాబితా నుంచి మాత్రమే వస్తే, జాబితాలో లేని చోట లాతూర్ మళ్లీ జరుగుతుంది. కింది భ్రంశం, పటలం, పై మట్టి పొరలు తెలిసినప్పుడే దానికి ప్రమాణం వస్తుంది. ఖాట్మండులో 2015లో లోయను నింపిన మెత్తటి మట్టి నాలుగైదు సెకన్ల పొడవాటి ఊపును పెంచింది. అలాంటి ఊపు ఎత్తైన కట్టడాలకు ప్రమాదం, రెండు మూడంతస్తుల ఇళ్లకు అంత కాదు. ఏ ఊరి మట్టి ఏ కట్టడాన్ని ఊపుతుందో చెప్పేది తరంగాల కొలతే.

పునాదుల మీద ఖర్చు, లోతుల మీద ఖర్చు పోటీపడేవని ఎవరు తేల్చారు? దేశంలో కట్టడాల మీద ఖర్చయ్యే సొమ్ముతో పోలిస్తే సీస్మోమీటర్ల వరసల ఖర్చు లెక్కలోకి రాదు. పైగా ఇప్పుడు పేలుళ్లు కూడా అక్కర్లేదు. సముద్రపు అలలు నేలను నిరంతరం కదిలించే సన్నటి రొదను నెల పాటు నమోదు చేసి పటలాన్ని చిత్రించవచ్చని 2005లో కాలిఫోర్నియాలో చేసి చూపించారు. నియమం అమలు కాకపోవడం పురపాలక సంఘాల అవినీతి, మన నిర్లక్ష్యం. దానికి శిక్ష భూభౌతిక శాస్త్రానికి వేయడం తగదు.

7. మన కింద గట్టి రాయి ఉందట

దక్షిణాది కింద ఉన్నది పురాతన శిల, నిజమే. కాని అది ఒకే ముక్క కాదు. దేశంలో మొట్టమొదటి లోతైన తరంగ సర్వే 1972లో మొదలైంది, సోవియట్ శాస్త్రవేత్తల సాయంతో, ఎన్జీఆర్ఐ చేతుల మీదుగా. నెల్లూరు జిల్లా కావలి నుంచి పశ్చిమ తీరాన ఉడుపి దాకా ఆరు వందల కిలోమీటర్లు. కడప బేసిన్ మీదుగా సాగిన ఆ రేఖలో మోహో ఒకే మట్టంలో లేదు. చోటు చోటుకూ కిలోమీటర్ల తేడాతో పైకి లేస్తూ కిందికి దిగుతూ ఉంది, పటలాన్ని లోతుగా కోసే భ్రంశాలు అందులో కనపడ్డాయి. అర్ధశతాబ్దం కిందటే మన నేల చెప్పిన మాట ఇది. దాన్ని వినకుండా గట్టి రాయి మంత్రం జపిస్తున్నాం.

గోదావరి లోయ సంగతి మరీ స్పష్టం. మంచిర్యాల నుంచి భద్రాచలం మీదుగా సాగే ఆ లోయ, భూమి చీలి మధ్య ఖండం కుంగినందువల్ల పుట్టింది. ఆ పల్లంలో కిలోమీటర్ల మందాన మట్టి, ఇసుక, అడవుల శిథిలాలు పేరుకున్నందువల్లే సింగరేణి బొగ్గు ఏర్పడింది. బొగ్గు ఇచ్చిన భ్రంశాలే భూకంపాలూ ఇస్తాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7, 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3. రెండోది హైదరాబాదులోనూ విజయవాడలోనూ జనాన్ని బయటికి పరుగెత్తించింది. జాతీయ భూకంప కేంద్రం దాని లోతు 40 కిలోమీటర్లని ప్రకటించింది. అది నిజమైతే పటలం అడుగున, మాంటిల్ గుమ్మంలో పుట్టిందన్న మాట. 10 కిలోమీటర్లయితే మొత్తం ప్రమాద చిత్రం వేరు. లోతు లెక్క ఎంత కచ్చితమన్నది కంపకేంద్రానికి దగ్గర్లో ఎన్ని స్టేషన్లున్నాయి, లోయ కింది వేగాల నమూనా ఎంత మంచిది అన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఆ లోయలోనూ దాని దిగువనా బొగ్గు గనులున్నాయి, మణుగూరు భారజల కర్మాగారం ఉంది, కొత్తగూడెం, మణుగూరు థర్మల్ కేంద్రాలున్నాయి, పోలవరం కడుతున్నారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఈ లోయలో భాగస్వాములే. మంచిర్యాల నుంచి రాజమహేంద్రవరం దాకా లోయకు అడ్డంగా, నిలువుగా సీస్మోమీటర్ల వరసలు కావాలి. మోహో దాకా దిగే కొత్త సర్వే రేఖలు కావాలి. వచ్చిన సమాచారం ఏ ఇంజనీరు అడిగినా దొరికేలా బహిరంగంగా పెట్టాలి. ఆ మొదటి వరసకు డబ్బు ఎవరి బడ్జెట్‌లోంచి ఏ సంవత్సరం ఇస్తారో రెండు ప్రభుత్వాలూ చెప్పాలి.